లైనక్స్‌లో గేమ్ సౌండ్ పోయింది సరే, ఎక్కడ పోయింది?

లైనక్స్‌లో గేమ్స్ ఆడేవాళ్ళు "సౌండ్ రావట్లేదు" అని ఒక్క మాటలో చెప్పేస్తారు గానీ ఆ మాట వెనక కనీసం అరడజను వేరువేరు జబ్బులుంటాయి. అసలు చప్పుడే లేకపోవడం ఒకటి, వస్తూ వస్తూ చిటపటలాడటం ఇంకొకటి, తుపాకుల మోత అంతా వినబడుతూ మనుషుల మాటలు మాత్రం మాయమవడం మరొకటి, ట్రిగ్గర్ నొక్కిన కాసేపటికి గానీ ఢాం అనకపోవడం పూర్తిగా వేరే కథ. వీటన్నిటికీ నెట్‌లో దొరికే వైద్యం మాత్రం ఒకటే రకం, ఈ కమాండ్ పేస్ట్ చెయ్యి, తగ్గకపోతే ఆ కమాండ్ పేస్ట్ చెయ్యి, అదీ పనిచెయ్యకపోతే సౌండ్‌ని స్పీకర్లకి పంచే పల్స్‌ఆడియో అనే ప్రోగ్రామ్‌ని పీకేసి మళ్ళీ ఎక్కించు. అలా పది కమాండ్లు కొట్టాక సౌండ్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలీదు, రాకపోతే మాత్రం పాత సమస్యకి తోడు ఆ పది కమాండ్లు తెచ్చిన కొత్త సమస్యలు కూడా నెత్తిన పడతాయి.

గేమ్‌లో పుట్టిన శబ్దం చెవిదాకా వచ్చేలోపు చాలా చేతులు మారుతుంది. గేమ్ లోపల ఒక ఆడియో ఇంజిన్ ఉంటుంది, ఎఫ్‌మాడ్ కావచ్చు, వైజ్ కావచ్చు, ఓపెన్ ఏఎల్ కావచ్చు. విండోస్ గేమ్ అయితే అది విండోస్ సౌండ్ పద్ధతులైన ఎక్స్‌ఆడియో2 తోనో వాసాపీతోనో మాట్లాడుతున్నా అనుకుంటుంది, ఆ మాటల్ని మధ్యలో విండోస్ గేమ్స్‌ని లైనక్స్‌లో నడిపించే వైన్ గానీ, స్టీమ్‌తో వచ్చే దాని రూపం ప్రోటాన్ గానీ పట్టుకుని లైనక్స్‌కి అర్థమయ్యేలా మారుస్తుంది. అక్కణ్ణుంచి పల్స్‌ఆడియో క్లయింట్ లైబ్రరీ, దాని అవతల ఈరోజుల్లో దాదాపు అన్ని పెద్ద డిస్ట్రోల్లోనూ (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకాలు) శబ్దాల్ని పంచే పైప్‌వైర్, దాని పక్కనే ఏ స్ట్రీమ్ ఏ స్పీకర్‌కి పోవాలో నిర్ణయించే వైర్‌ప్లంబర్, కింద కెర్నెల్‌లో, అంటే లైనక్స్ మూల ప్రోగ్రామ్‌లో, అల్సా డ్రైవర్, ఆ కింద సౌండ్ చిప్పో హెచ్‌డీఎంఐ వైరో బ్లూటూతో. ఇందులో ఎక్కడ తెగినా బయటికి కనబడేది ఒకటే, నిశ్శబ్దం. చివరి మడికి నీళ్ళు రాకపోతే రైతు కాలువ గట్టు పట్టుకుని పైకి నడిచి ఏ తూము దగ్గర ఆగాయో చూస్తాడు గానీ మడిలో గొయ్యి తవ్వుకుంటూ కూర్చోడు, కమాండ్లు పేస్ట్ చేసేవాళ్ళు చేసేది మాత్రం ఆ గొయ్యి పనే.

పేస్ట్ చేసే సలహాల్లో ఇంకో చిక్కుంది, వాటికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది కానీ పైన రాసి ఉండదు. 90లలో లైనక్స్‌లో సౌండ్ అంటే ఓఎస్ఎస్ అనే డ్రైవర్ల పద్ధతి. చాలా కార్డుల మీద ఒకసారి ఒక ప్రోగ్రామే ఆ డివైస్‌ని తెరవగలిగేది, పాటలు ప్లే అవుతుంటే గేమ్‌కి సౌండ్ ఉండదు, అంతే. తర్వాత అల్సా వచ్చింది, 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నెల్ నాటికి అదే అసలు పద్ధతి అయింది, ఓఎస్ఎస్ పక్కకి పోయింది. అప్పటికే వచ్చేసిన గేమ్స్ మాత్రం పాత డివైస్‌నే వెతుక్కుంటూ ఉండేవి, క్వేక్ 3 కోసం ప్రాక్ ఫోల్డర్‌లోని ఒక అల్సా ఫైల్‌లోకి "డైరెక్ట్" అన్న మాట ఉన్న లైన్ ఒకటి ఎకో చెయ్యమనే చిట్కా ఆ కాలందే. 2007 నవంబర్‌లో ఫెడోరా 8, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04 పల్స్‌ఆడియోని డిఫాల్ట్ చేశాయి, అక్కణ్ణుంచి చాలా ఏళ్ళు "సౌండ్ సమస్యా, పల్స్‌ఆడియో తీసెయ్" అన్నది ఒక తారకమంత్రం. తర్వాత రెడ్‌హ్యాట్‌లో పనిచేసే విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ వచ్చింది, 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34, 2022 అక్టోబర్‌లో ఉబుంటు 22.10, 2024లో లైనక్స్ మింట్ 22 దానికి మారిపోయాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకునే గేమింగ్ మెషీన్‌లో నడిచేదీ అదే.

ఈ చరిత్ర అంతా ఎందుకంటే, 2012లో పల్స్‌ఆడియో కోసం రాసిన చిట్కా ఇప్పుడు కూడా సెర్చ్‌లో పైనే కనబడుతుంది. ఉదాహరణకి ఈటీసీ కింద పల్స్ ఫోల్డర్‌లో డిఫాల్ట్ డాట్ పీఏ ఫైల్ తెరిచి టీషెడ్ ఈక్వల్స్ 0 అని పెట్టమనేది చాలా పాపులర్. పైప్‌వైర్ ఉన్న మెషీన్‌లో ఆ ఫైల్‌ని చదివేవాళ్ళే లేరు, అందులో ఏం రాసినా ఫలితం శూన్యం. అదే ఫోల్డర్‌లో ఉండే క్లయింట్ డాట్ కాన్ఫ్‌ని మాత్రం గేమ్ వాడే క్లయింట్ లైబ్రరీ ఇప్పటికీ చదువుతుంది, అంటే పక్కపక్కనే ఉన్న రెండు ఫైళ్ళలో ఒకటి చచ్చింది ఒకటి బతికుంది. వైర్‌ప్లంబర్‌లో కూడా ఇదే గొడవ, 0.4 దాకా సెట్టింగ్స్ లువా ఫైళ్ళలో రాసేవాళ్ళు, 2024 మార్చిలో వచ్చిన 0.5లో అవి చెల్లవు, జేసాన్ లాంటి వేరే పద్ధతిలో రాయాలి. ఉబుంటు 24.04లో ఉన్నది ఇంకా 0.4 సిరీసే. కాబట్టి ఏ సలహా అయినా పాటించేముందు ప్యాక్టీఎల్ ఇన్ఫో అని కొట్టి సర్వర్ నేమ్ లైన్ చూడాలి, అక్కడ "పల్స్‌ఆడియో, ఆన్ పైప్‌వైర్" అని వెర్షన్ నంబర్‌తో వస్తే మీది పైప్‌వైర్. ఉత్త పల్స్‌ఆడియో అని మాత్రమే వస్తే పాతదే నడుస్తోంది. రెండూ ఇన్‌స్టాల్ అయి ఒకదాని సాకెట్ (గేమ్స్ వచ్చి కనెక్ట్ అయ్యే చోటు) కోసం ఇంకోటి కొట్టుకుంటున్న మెషీన్లు కూడా ఉంటాయి, సౌండ్ ఒక బూట్‌కి వచ్చి ఇంకో బూట్‌కి రాకపోవడానికి అదొక కారణం.

ఇక వెతకడం. మొదట తేల్చుకోవాల్సింది ఈ ఒక్క గేమ్‌లోనేనా, అన్ని గేమ్స్‌లోనా, బ్రౌజర్‌లో వీడియోకి కూడా రావట్లేదా అని. ఇది తేలితే సగం పని అయిపోయినట్టే. బ్రౌజర్‌కి కూడా లేదంటే గేమ్ జోలికి వెళ్ళడమే దండగ. స్పీకర్-టెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, రెండు ఛానెళ్ళు, వేవ్ టైపు అని చెప్పి నడిపితే ఒక ఆడగొంతు "ఫ్రంట్ లెఫ్ట్, ఫ్రంట్ రైట్" అని చెప్తుంది, అది వినబడితే కింది మెట్లన్నీ బాగున్నాయి. వినబడకపోతే అల్సామిక్సర్ తెరిచి ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకుని చూడాలి, బార్ కింద డబుల్ ఎం అని ఉంటే అది మ్యూట్, ఎం నొక్కితే పోతుంది. అక్కడే కుడివైపు చివర్లో ఆటో-మ్యూట్ మోడ్ అని ఒకటుంటుంది, డెస్క్‌టాప్ క్యాబినెట్ ముందు జాక్‌లో ఏదైనా గుచ్చి ఉంటే వెనక స్పీకర్లని నోరుమూయించేది అదే, చాలామంది అక్కడిదాకా బాణం కీ నొక్కుకుంటూ వెళ్ళరు.

సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర "డమ్మీ అవుట్‌పుట్" అని మాత్రమే కనబడితే పైప్‌వైర్‌కి అసలు సౌండ్ కార్డే దొరకలేదని అర్థం. ఈమధ్య ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా డిజిటల్ మైకులు లోపలే ఉన్నవాటిలో, దీనికి మామూలు కారణం సౌండ్ చిప్ లోపల నడవాల్సిన ఎస్ఓఎఫ్ ఫర్మ్‌వేర్ లేకపోవడం, కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్‌లో ఎస్ఓఎఫ్ అని వెతికితే ఫర్మ్‌వేర్ లోడ్ అవలేదని ఎర్రగా చెప్తుంది. ఆ ప్యాకేజీ ఎక్కించి రీబూట్ చేస్తే సరి. దానికి బదులు డ్రైవర్‌ని పాత పద్ధతికి బలవంతంగా మార్చే మాడ్యూల్ ఆప్షన్ ఒకటి తిరుగుతూ ఉంటుంది, డీఎస్పీ డ్రైవర్ ఈక్వల్స్ 1 అని, దానితో స్పీకర్లు మోగినా లోపలి మైక్ చచ్చిపోతుంది, టీమ్‌తో మాట్లాడుతూ ఆడే గేమ్స్‌కి అది పనికిరాని బేరం.

బ్రౌజర్‌కి వస్తోంది, గేమ్‌కి రావట్లేదు అనుకుందాం. అప్పుడు గేమ్‌ని ఆడుతూ ఆల్ట్-ట్యాబ్ కొట్టి పావుకంట్రోల్ తెరవాలి, లైనక్స్‌లో గేమ్స్ ఆడేవాళ్ళ దగ్గర ఉండాల్సిన మొదటి టూల్ అదే, డెస్క్‌టాప్ ఇచ్చే సెట్టింగ్స్ పేజీ కంటే వంద రెట్లు నిజాయితీగా ఉంటుంది. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో గేమ్ పేరుతో ఒక లైన్ ఉండాలి, విండోస్ గేమ్ అయితే ఆ ఈఎక్స్ఈ ఫైల్ పేరు. ఇక్కడ మూడు దారులు. లైనే లేదంటే గేమ్ నుంచి సౌండ్ బయటికే రాలేదు, తప్పు వైన్‌లోనో గేమ్‌లోనో ఉంది. లైన్ ఉండి దాని కింద మీటర్ కదులుతుంటే గేమ్ తన పని చేసేసింది, సౌండ్ తప్పు చోటికి పోతోంది. లైన్ ఉండి మీటర్ చచ్చినట్టు పడుంటే గేమ్ కనెక్ట్ అయింది కానీ మౌనం పంపిస్తోంది, గేమ్ లోపలి వాల్యూమ్, గేమ్ లోపల ఎంచుకున్న డివైస్, లేదా డీకోడర్ ఏదో లేకపోవడం.

మీటర్ కదులుతూ సౌండ్ రాని కేసే ఎక్కువ, దానికి కారణం కూడా బోరింగే. హెచ్‌డీఎంఐతోనో డిస్‌ప్లేపోర్ట్‌తోనో మానిటర్ తగిలించగానే గ్రాఫిక్స్ కార్డు తనూ ఒక సౌండ్ కార్డునే అని చెప్పుకుంటుంది, స్పీకర్లే లేని మానిటర్‌కి గేమ్ సౌండ్ హాయిగా పోతూ ఉంటుంది. పైగా ఏ అప్లికేషన్ చివరిసారి ఏ డివైస్‌లో మోగింది, ఎంత వాల్యూమ్, మ్యూట్‌లో ఉందా అన్నవి సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది, పల్స్‌ఆడియో రోజుల నుంచీ ఉన్న అలవాటే. ఆరునెలల క్రితం టీవీకి తగిలించి ఆడిన గేమ్ ఇవాళ కూడా టీవీనే వెతుక్కోవచ్చు, మిగతా అన్నీ హెడ్‌ఫోన్‌లో వస్తుంటే ఇదొక్కటీ రాకపోవడం అందుకే. పావుకంట్రోల్‌లో ఆ లైన్ పక్కన డ్రాప్‌డౌన్ మారిస్తే అయిపోతుంది, ఆ మార్పు కూడా గుర్తుండిపోతుంది. మరీ మొండికేస్తే హోమ్‌లో డాట్ లోకల్, స్టేట్ కింద ఉన్న వైర్‌ప్లంబర్ ఫోల్డర్ పేరు మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే జ్ఞాపకం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, మిగతా అప్లికేషన్ల వాల్యూములు కూడా పోతాయి మరి, అది తెలిసే చెయ్యాలి.

లైనే లేని కేసులో పాత గేమ్స్‌కి ఒక కారణం ప్రత్యేకం. గేమ్ 32 బిట్, సిస్టమ్ 64 బిట్, పల్స్‌ఆడియో క్లయింట్ లైబ్రరీ 64 బిట్‌ది మాత్రమే ఎక్కి ఉంటుంది. గేమ్ ఎర్రర్ కూడా ఇవ్వకుండా మూగగా నడుస్తుంది. స్టీమ్ తన సొంత రన్‌టైమ్ మోసుకొస్తుంది కాబట్టి స్టీమ్‌లో ఇది తక్కువ, బయట కొన్న గేమ్స్‌లో ఎక్కువ. ఇంకో కారణం, గేమ్ నేరుగా అల్సాతో మాట్లాడుతోంది, పైప్‌వైర్‌కి అల్సా ప్లగిన్ ప్యాకేజీ వేసి లేదు, అప్పుడు గేమ్ కార్డుని తనే పట్టేసుకోవాలని చూస్తుంది, అది ఇంకొకరి చేతిలో ఉంటుంది. డెవ్ కింద ఎస్ఎన్‌డీ ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటి మీద ఫ్యూజర్ కమాండ్‌ని మైనస్ వీతో నడిపితే ఎవరి చేతిలో ఉందో పేరుతో సహా చెప్తుంది. అక్కడ పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ కాకుండా ఇంకేదైనా పేరు కనబడిందంటే దొంగ దొరికినట్టే. హోమ్ ఫోల్డర్‌లో ఎప్పుడో కాపీ కొట్టిన డాట్ అసౌండ్ఆర్‌సీ ఫైల్ ఉందేమో కూడా చూసుకోవాలి, రెండు ల్యాప్‌టాప్‌ల క్రితం కార్డు నంబర్ అందులో రాసి ఉండి, హోమ్‌ని యథాతథంగా కొత్త మెషీన్‌కి మోసుకొచ్చుకున్నవాళ్ళకి ఇది చాలా మామూలు.

ఇప్పుడు చిటపట సంగతి, దీనిమీదే ఎక్కువ అపోహలు. సౌండ్ కార్డు ఆగకుండా శాంపిల్స్ తింటూ ఉంటుంది, సెకనుకి 48,000. పైప్‌వైర్ వాటిని ముక్కలు ముక్కలుగా అందిస్తుంది, ఒక ముక్కలో ఎన్ని శాంపిల్స్ ఉన్నాయో దాన్నే క్వాంటమ్ అంటారు. మామూలుగా 1024, అంటే ముక్కకి 21 మిల్లీసెకన్లు. గేమ్ ఏదైనా తక్కువ ఆలస్యం కావాలని అడిగితే క్వాంటమ్ 256కి దిగొచ్చు, అప్పుడు ప్రతి 5.3 మిల్లీసెకన్లకోసారి ముక్క తయారుగా ఉండాలి. ఒక్కసారి ఆలస్యమైతే ఆ ఖాళీయే చెవికి టిక్ అని వినబడుతుంది. ఇందులో ఒక తిరకాసు, ఒక అవుట్‌పుట్‌కి తగులుకున్న అందరిలో ఎవరు అతి తక్కువ అడిగితే ఆ లెక్కే అందరికీ వర్తిస్తుంది. గేమ్ అమాయకంగానే ఉన్నా వెనకాల నడుస్తున్న వాయిస్ చాట్ అప్లికేషన్ చిన్న క్వాంటమ్ అడిగిందంటే గేమ్ సౌండ్ కూడా ఆ పరుగు పరిగెత్తాల్సిందే, కాబట్టి "నిన్నటిదాకా బానే ఉంది" అన్నప్పుడు నిన్న లేనిది ఇవాళ ఏం తెరిచి ఉందో చూడాలి.

ఇదంతా ఊహించుకోనక్కర్లేదు, పీడబ్ల్యూ-టాప్ అని కొడితే కళ్ళముందు కనబడుతుంది. ప్రతి స్ట్రీమ్‌కి ఒక లైను, క్వాంట్ అనే కాలమ్‌లో ఆ నంబరు, రేట్ అనే కాలమ్‌లో 48000 గానీ 44100 గానీ, చివరికి దగ్గర్లో ఈఆర్ఆర్ అనే కాలమ్. గేమ్ ఆడుతూ రెండో స్క్రీన్ మీద దీన్ని పెట్టుకుని, చిటపట వినబడినప్పుడల్లా ఈఆర్ఆర్ నంబరు పెరుగుతోందా లేదా అని చూడాలి. పెరుగుతుంటే పైప్‌వైర్ చక్రమే టైముకి తిరగట్లేదు, క్వాంటమ్ మరీ చిన్నదైనా అయ్యుండాలి, సిస్టమ్ మీద భారం ఎక్కువైనా అయ్యుండాలి. నంబరు కదలకుండా స్థిరంగా ఉంటూ చెవిలో మాత్రం చిటపట వినబడుతోందా, అప్పుడు పైప్‌వైర్ తన పని తను కచ్చితంగా చేస్తోంది, గేమ్ గానీ వైన్ గానీ పల్స్ దారిలో డేటా పంపడంలోనే వెనకబడుతోంది. ఈ రెండిటికీ మందులు వేరు, కానీ నెట్‌లో ఏ మందు దేనికో చెప్పకుండా రెండూ కలిపి రాస్తారు.

మొదటి రకానికి కింది హద్దు పెంచాలి. పీడబ్ల్యూ-మెటాడేటా అనే టూల్‌తో సెట్టింగ్స్‌లో క్లాక్ డాట్ మిన్-క్వాంటమ్‌ని 512 చేస్తే వెంటనే అమల్లోకొస్తుంది, గేమ్ ఆపక్కర్లేదు, క్వాంట్ కాలమ్‌లో నంబరు మారడం అక్కడికక్కడే చూడొచ్చు. బాగుందనిపిస్తే హోమ్‌లోని కాన్ఫిగ్ కింద పైప్‌వైర్ ఫోల్డర్‌లో పైప్‌వైర్ డాట్ కాన్ఫ్ డాట్ డీ అని ఇంకో ఫోల్డర్ పెట్టి అందులో చిన్న ఫైల్‌గా రాసుకోవచ్చు, సిస్టమ్ ఫైళ్ళని ముట్టుకోకూడదు, అప్‌డేట్ వస్తే పోతాయి. రెండో రకానికి స్టీమ్‌లో ఆ గేమ్ లాంచ్ ఆప్షన్స్ లోకి వెళ్ళి పల్స్ లేటెన్సీ ఎంసెక్ అనే వేరియబుల్‌ని 60 అని పెట్టాలి, అన్నీ పెద్దక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్లు, దాని తర్వాత ఖాళీ వదిలి రెండు పర్సెంట్ గుర్తుల మధ్య కమాండ్ అన్న మాట. దీంతో గేమ్ 60 మిల్లీసెకన్ల సరుకు ముందే దగ్గర పెట్టుకుంటుంది, మధ్యలో కాస్త తడబడినా ఖాళీ రాదు. ఇది ఆ ఒక్క గేమ్‌కే పెట్టాలి. 60 చాలకపోతే 90, అంతకంటే పెంచుకుంటూ పోతే చిటపట పోయి దాని బదులు ఆలస్యం వస్తుంది, రిథమ్ గేమ్స్ ఆడేవాళ్ళకైతే ఆ 60 కూడా ఎక్కువే.

గేమ్ ఎందుకు వెనకబడుతుందంటే చాలాసార్లు కారణం సౌండ్‌లో ఉండదు. కొత్త గేమ్ మొదటి గంటలో షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) కంపైల్ అవుతూ ప్రాసెసర్ కోర్లన్నీ నిండిపోతాయి, పైప్‌వైర్‌కి రియల్‌టైమ్ ప్రయారిటీ ఉంటుంది కాబట్టి అది తట్టుకుంటుంది, గేమ్ లోపల సౌండ్ తయారుచేసే థ్రెడ్‌కి ఆ అదృష్టం ఉండదు. కొత్త ఏరియాలోకి వెళ్ళినప్పుడే చిటపట వచ్చి, అదే ఏరియాకి మళ్ళీ వెళ్తే రాకపోతే అది సౌండ్ సమస్యే కాదు, దానికి ఆడియో సెట్టింగ్స్ మార్చడం తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టు. ల్యాప్‌టాప్ పవర్ సేవర్ మోడ్‌లో ఉన్నా ఇదే తంతు.

ఒకటి మాత్రం చిటపటలా ఉంటుంది కానీ చిటపట కాదు. గేమ్‌లో కాసేపు నిశ్శబ్దం తర్వాత వచ్చే మొదటి శబ్దం తల తెగిపోయి వస్తుంది, లేదా టప్ మని ఒక చిన్న దెబ్బ వినబడుతుంది. ఎవరూ వాడని అవుట్‌పుట్‌ని వైర్‌ప్లంబర్ 5 సెకన్లకి నిద్రపుచ్చుతుంది, కింద ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవర్‌కి కూడా పవర్ సేవ్ అని సొంత నిద్ర ఒకటుంది. గేమ్ స్ట్రీమ్ తెరిచే ఉంచితే నిద్ర రాదు, మూసి తెరుస్తుండే గేమ్స్‌లోనే వస్తుంది. పవర్ సేవ్ విలువ 0 చేసి చూస్తే అది ఎవరి నిద్రో తేలిపోతుంది.

మాటలు మాత్రం వినబడని కేసు చూడ్డానికి దెయ్యం పట్టినట్టుంటుంది గానీ దీనికి ఉన్న కారణాలు రెండే. మొదటిది సరౌండ్. కార్డు ప్రొఫైల్ 5.1 మీద ఉండి ముందు రెండే స్పీకర్లుంటే గేమ్ "ఓహో ఆరు స్పీకర్లున్నాయి" అని నమ్మేసి డైలాగులన్నీ సెంటర్ ఛానెల్‌కి పంపుతుంది, ఆ సెంటర్ స్పీకర్ ఎక్కడా లేదు. మ్యూజిక్, పేలుళ్ళు ఎడమా కుడీ వస్తాయి, మనుషులు పెదాలు కదుపుతూ ఉంటారు. పావుకంట్రోల్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్‌కి వెళ్ళి స్టీరియో ప్రొఫైల్ పెడితే అయిపోయే దానికి గేమ్‌ని రెండుసార్లు తీసి మళ్ళీ డౌన్‌లోడ్ చేసినవాళ్ళున్నారు. అదే లిస్ట్‌లో "ప్రో ఆడియో" అని ఊరించే పేరుతో ఒక ప్రొఫైల్ ఉంటుంది, ప్రో అంటే మంచిదేమో అని దాన్ని ఎంచుకోకూడదు, ఏ ఛానెల్ ఏ స్పీకరో చెప్పకుండా అన్నీ పచ్చిగా ఇచ్చేస్తుంది, రికార్డింగ్ చేసేవాళ్ళ కోసం అది. కొన్ని గేమింగ్ హెడ్‌సెట్లయితే గేమ్‌కి ఒకటి, చాట్‌కి ఒకటి అని రెండు అవుట్‌పుట్లుగా కనబడతాయి, స్టీల్‌సిరీస్ ఆర్క్టిస్ 7 అలాంటిదే, చాట్ వైపు ఉన్నది మోనో. గేమ్ సౌండ్ ఫోన్‌లో మాట్లాడినట్టు వస్తోందంటే చాట్ దాంట్లో పోతోందేమో చూడాలి.

రెండో కారణం డీకోడర్లు. చాలా విండోస్ గేమ్స్ ఎఫెక్టులని మామూలు వేవ్‌లా, మాటలూ మ్యూజిక్‌నీ ఎక్స్‌డబ్ల్యూఎంఏ అనే మైక్రోసాఫ్ట్ ఫార్మాట్‌లో దాచుకుంటాయి. దాన్ని విప్పేవాళ్ళు లేకపోతే కత్తుల శబ్దం వస్తుంది, మనుషులు మూగవాళ్ళవుతారు. ప్రోటాన్ 2018లో వచ్చిన కొత్తలో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌కి సరిగ్గా ఇదే జరిగింది, డ్రాగన్ కనబడుతుంది, మ్యూజిక్ లేదు, ఎవరూ మాట్లాడరు. ఎక్స్‌ఆడియో2ని మొదట్నుంచీ తిరిగి రాసిన ఎఫ్‌ఆడియో ప్రాజెక్టు వచ్చి, 2019లో వైన్ 4.3 దాన్ని తీసుకుని, దానికి డబ్ల్యూఎంఏ విప్పడం కలిసేదాకా జనాలు విండోస్ లైబ్రరీ ఫైళ్ళైన డీఎల్ఎల్‌లు తెచ్చి పెట్టుకునేవాళ్ళు. ఇప్పటి ప్రోటాన్‌లో అవసరం లేదు, కానీ ఆ డీఎల్ఎల్ చిట్కాలు ఇంకా తిరుగుతున్నాయి, ఇవాళ పాటిస్తే బాగున్న గేమ్ పాడవుతుంది. ప్రోటాన్ లేకుండా ఉత్త వైన్‌తో ఆడేవాళ్ళకి మాత్రం ఆడియో, వీడియోలని విప్పే జీస్ట్రీమర్ ప్లగిన్లు, గేమ్ 32 బిట్ అయితే 32 బిట్‌వి కూడా, ఇప్పటికీ చూసుకోవాల్సినవే.

గేమ్ అంతా బాగుండి మధ్యలో వచ్చే వీడియో సీన్లలో మాత్రం సౌండ్ లేకపోతే, ముఖ్యంగా తెర మీద పాత టీవీలో వచ్చినట్టు రంగురంగుల పట్టీలు కనబడితే, అది పేటెంట్ల గొడవ. కొన్ని వీడియో ఫార్మాట్ల డీకోడర్లని స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ప్రోటాన్‌తో ఇవ్వదు, బదులుగా ఆ వీడియోలని వేరే ఫార్మాట్‌లోకి మార్చి షేడర్ ప్రీ-క్యాషింగ్‌తో పాటే డౌన్‌లోడ్ చేయిస్తుంది. డేటా ఆదా అవుతుందని ఆ ప్రీ-క్యాషింగ్‌ని ఆఫ్ చేసినవాళ్ళకి మారిన వీడియోలు రానే రావు. మళ్ళీ ఆన్ చెయ్యడమో, బయటివాళ్ళు చేసే జీఈ ప్రోటాన్ వాడటమో చెయ్యాలి.

బ్లూటూత్ గురించి చెప్పేది తక్కువ, ఎందుకంటే చెయ్యగలిగేది తక్కువ. గేమ్ మొదలవ్వగానే క్వాలిటీ ఒక్కసారిగా పడిపోయి డబ్బాలోంచి వచ్చినట్టుంటే గేమ్ మైక్ తెరిచిందని అర్థం, వాయిస్ చాట్ వాడకపోయినా కొన్ని తెరుస్తాయి. ఇయర్‌బడ్ మైక్ కావాలంటే బ్లూటూత్ హెడ్‌సెట్ ప్రొఫైల్‌కి మారాలి, అందులో సౌండ్ మోనో, పాత కోడెక్‌లో 8 కిలోహెర్ట్జ్, కాస్త మెరుగైన ఎంఎస్‌బీసీలో 16. వైర్‌ప్లంబర్ ఈ మార్పు దానంతట అదే చేస్తుంది, 0.5లో బ్లూటూత్ ఆటోస్విచ్ అనే సెట్టింగ్‌ని డబ్ల్యూపీసీటీఎల్ సెట్టింగ్స్‌తో ఫాల్స్ చేసి, మైక్‌గా ల్యాప్‌టాప్‌దో యూఎస్‌బీదో పెట్టుకుంటే ఆ బాధ పోతుంది. ఆలస్యం మాత్రం పోదు. పాటలు వినడానికి వాడే మామూలు బ్లూటూత్ ప్రొఫైల్ ఏ2డీపీలో శబ్దం వంద రెండొందల మిల్లీసెకన్లు వెనకబడటం సహజం, వీడియో ప్లేయర్లు బొమ్మని కూడా అంతే వెనక్కి నెట్టి సరిచేస్తాయి, గేమ్ అలా చెయ్యలేదు. పైప్‌వైర్‌లో క్వాంటమ్ 64కి దించినా అక్కడ ఆదా అయ్యేది ఇరవై మిల్లీసెకన్లే, మిగతాదంతా రేడియోలోనూ ఇయర్‌బడ్‌లోనూ ఉంది. షూటర్ గేమ్ ఆడాలంటే వైరు హెడ్‌ఫోనే, లేదా సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చేవి.

ఏం మార్చినా ఒక సంగతి. యూజర్ సర్వీసులుగా నడిచే పైప్‌వైర్, పైప్‌వైర్-పల్స్, వైర్‌ప్లంబర్ మూడిటినీ సిస్టమ్‌సీటీఎల్‌తో రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది, మెషీన్ రీబూట్ అక్కర్లేదు, అడ్మిన్ అధికారంతో నడిపే సూడో అస్సలు వాడకూడదు. కానీ అప్పటికే తెరిచున్న గేమ్ చాలాసార్లు మళ్ళీ కనెక్ట్ అవ్వదు, దాన్ని కూడా మూసి తెరవాలి, లేదంటే సరైన మందు వేసి కూడా పనిచెయ్యలేదని ఇంకో మందుకి పోతారు. గేమ్ ఒక్కదాంట్లోనే, లైనే కనబడని కేసులో ఏమీ తేలకపోతే ప్రోటాన్ లాగ్ అనే వేరియబుల్ 1 చేసి ఒకసారి నడిపితే హోమ్ ఫోల్డర్‌లో స్టీమ్ అని మొదలై గేమ్ నంబరుతో ఒక లాగ్ ఫైల్ పడుతుంది. గిట్‌హబ్‌లో ప్రోటాన్ పేజీలో గేమ్‌కో ఇష్యూ చొప్పున ఉంటుంది, అక్కడ రాసేటప్పుడు ఆ లాగ్, ప్యాక్టీఎల్ ఇన్ఫో ఇచ్చిన సర్వర్ లైను, ప్రోటాన్ వెర్షన్, చిటపట అయితే పీడబ్ల్యూ-టాప్‌లో ఈఆర్ఆర్ పెరిగిందా లేదా అన్న ముక్క ఇస్తే చూసేవాళ్ళకి పని మొదలుపెట్టడానికి సరిపోతుంది, "సౌండ్ రావట్లేదు, హెల్ప్" అని రాసిన వాటికి వచ్చే మొదటి రిప్లై ఎలాగూ ఇవన్నీ అడిగేదే.